పారాయన మీద కేసు

నోటీసు సోమవారం వచ్చింది. "మీరు ప్రజా ఆస్తిని ఉద్దేశపూర్వకంగా ధ్వంసం చేసినందున, మీపై చర్య ఎందుకు తీసుకోరాదో పదిహేను రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వవలసింది" అని మా పెదనాన్న పేరు మీద వచ్చింది. ఆయన దాన్ని తడి చేతులతో అంచులు పట్టుకుని మా షాపుకి తెచ్చి, "ఇది కాస్త చదివిపెట్టమ్మాయ్, కళ్లజోడు చేలో మర్చిపోయాను" అన్నాడు.

నాది ఆ నోటీసు పంపిన ఆఫీసుకి ఎదురుగా అర్జీలు టైపు చేసే షాపు. ఇలాంటి భాష నాకు కొత్త కాదు. రోజుకి పది కాగితాల మీద ఇదే భాష కొడతాను. కానీ ఆ ఒక్క వాక్యం పైకి చదవకుండా రెండుసార్లు లోపలే చదువుకున్నాను. ఎవరూ అడగకుండా, ఎవరూ పంపకుండా ముప్పై ఏడేళ్లు ఒక వీధి మురుగు కాలవని తన చేతులతో శుభ్రం చేసిన రైతుకి, ఆ ఆఫీసు రాసిన మొట్టమొదటి ఉత్తరం అది.

ఆయన గురించి తెలియనివాళ్లకి చెప్పాలి. పెదనాన్నకి మూడెకరాల చేను. ఊరికి పడమటి పక్క, పల్లంలో ఉంటుంది. దాని పైన దిగువ వీధి, అరవై ఇళ్లు. ఆ ఇళ్ల వెనక నుంచి ఒక మురుగు కాలవ వస్తుంది. రోడ్డు కింద తూములోంచి దూరి, పెదనాన్న చేను గట్టు పక్కగా వెళ్లి వాగులో కలుస్తుంది. ఇళ్లలో వాడిన నీళ్లు, కప్పు మీంచి జారిన వాన అన్నీ ఆ కాలవలోంచే పోవాలి. వేరే దారి లేదు. నీరు పల్లమెరుగు అంటారు గదా, ఆ పల్లం ఇదే. పెదనాన్న ఇల్లు మాత్రం మెరక మీద, పై వీధిలో ఉంది. ఎంత వాన పడినా ఆయన గుమ్మం తడవదు. ఈ సంగతి తర్వాత అక్కరకొస్తుంది కాబట్టి ఇప్పుడే చెబుతున్నాను.

ఆయన ఇరవై ఏడేళ్ల వయసులో ఒక పెద్ద వాన పడింది. కాలవ పొంగి దిగువ వీధి మునిగింది. ఆ వీధిలోనే ఉండే దర్జీ వాళ్ల అమ్మ అప్పటికి రెండేళ్లుగా మంచంలో ఉంది. కొడుకు తను కుట్టిన బట్టలు ఇచ్చిరావడానికి వెళ్లి వానలో చిక్కుకుపోయాడు. అతను తిరిగొచ్చేసరికి నీళ్లు మంచం ఎత్తు దాటాయి. ఆమెని బయటికి మోసుకొచ్చింది పెదనాన్నే. అప్పటికే ప్రాణం పోయింది. మరుసటి వేసవి నుంచి ఆయన పార పట్టుకుని కాలవలోకి దిగడం మొదలుపెట్టాడు. ఎందుకని అడిగితే "ఎవరో ఒకరు తియ్యాలిగా" అనేవాడు. అంతకు మించి ఒక్క ముక్క రాబట్టలేకపోయేవాళ్లం.

వానలకి మూడు వారాల ముందు పని మొదలయ్యేది. చేను దగ్గర్నుంచి పైకి తీసుకుంటూ వెళ్లేవాడు గాని, పైనుంచి కిందికి ఎప్పుడూ వచ్చేవాడు కాదు. "కింద నోరు తెరిస్తే పైన గొంతు దానంతటదే తెరుచుకుంటుంది" అనేవాడు. తీసిన పూడికని తట్టలకెత్తి తన చేలోకి మోసేవాడు. ఆయన చేతుల్లో తేలిన సామాను చూస్తే ఆ వీధి బతుకంతా తెలిసేది: ఒంటికాలి చెప్పులు, గిన్నెల మూతలు, సగం కాలిన ఉత్తరాలు. ఒక ఏడు పైవరస కట్టుడుపళ్లు దొరికాయి. కడిగి గట్టు మీద ఇటుక ముక్క మీద పెట్టి వచ్చాడు. తెల్లారేసరికి పళ్లు లేవు. ఎవరివని ఆయన అడగలేదు, నావని ఎవరూ చెప్పలేదు. కానీ ఆ తర్వాత వారం రోజులు ఆ వీధిలో నవ్వినవాళ్లందరి నోళ్లూ నేను పరీక్షగా చూశాను.

భుజాన పార లేకుండా ఆయన్ని చూసినవాళ్లు తక్కువ. "పార ఆయన" అనీ అనీ చివరికి "పారాయన" అయింది. ఎవరైనా ఇంటికొచ్చి "పారాయన ఉన్నారా?" అంటే, పెద్దమ్మ "లేరు, కాలవ పారాయణానికి వెళ్లారు" అనేది. ఆమెకి నోరెక్కువ. మనసు మాత్రం మెత్తన. "మన చేలో కలుపు మోకాలెత్తు పెరిగింది. అది కూడా కాలవలో మొలిచుంటే ఈపాటికి పీకేసేవారు" అని ఆయన మొహం మీదే అనేది. అని, ఆయన తువ్వాలు వేడినీళ్లలో ఉడికించి ఆరేసేది.

దిగువ వీధివాళ్లు ఆయన్ని ఎలా చూసుకున్నారో కూడా చెప్పాలి. చెప్పకపోతే నా కడుపు మంట చల్లారదు. ఒకరోజు ఆయన కాలవలో మోకాళ్ల దాకా దిగి ఉండగానే, ఒకావిడ పెరటి తలుపు తీసి చేటెడు కూరగాయ తొక్కలు ఆయన ముందే పోసింది. నేను అక్కడే గట్టు మీద ఉన్నాను. "అదేంటండీ?" అంటే, "ఎలాగూ తీస్తున్నాడు గదమ్మా బాబాయ్" అంది. పెదనాన్న తొక్కలు తట్టలోకి ఎత్తాడు. వానకి కాలవ పొంగినప్పుడు సామాను దాటించడానికి తాడూ, మూడు చెక్కలూ పట్టుకుని వచ్చేదీ ఆయనే. దర్జీ కుట్టుమిషను నాలుగుసార్లు ఆయన తల మీదే మెరక ఎక్కింది. "మా మిషను మీ పెదనాన్న తలకి అలవాటు పడిపోయింది" అని దర్జీ నాతో నవ్వుతూ అన్నాడు కూడా.

ఇలా ఉండగా ఆఫీసు వాళ్లకి రోడ్డు ఎత్తు పెంచాలని బుద్ధి పుట్టింది. రోడ్డు మంచిదే, కాదనను. కానీ దాని కింద ఉన్న పాత తూముని తీసేశారు. వంగితే మనిషి దూరగల తూము తీసి, పిల్లి దూరే పైపు వేశారు. పెదనాన్న ఆ పైపుని చూసిన రోజే మా షాపుకి వచ్చాడు. ఆయన చెబుతుంటే నేను కొట్టాను. ఒకటి కాదు, ఆరు నెలల్లో పదకొండు అర్జీలు. ఒక్కదానికీ జవాబు లేదు. చివరికి ఇంజినీరు రోడ్డు చూడటానికి వచ్చిన రోజున పెదనాన్నే వెళ్లి ఆయన్ని పట్టుకున్నాడు.

"సార్, ఈ పైపు సరిపోదండి. వీధి మునుగుతుంది."

ఇంజినీరు ఫోనులోంచి తల ఎత్తలేదు. "లెక్క వేశాకే పెట్టాం పెద్దాయనా. మీరేమన్నా ఇంజినీరా?"

"కాదండి. కానీ నీళ్లు కూడా చదువుకోలేదు గదా సార్. మీ లెక్క వాటికి అర్థం కాదు."

పక్కనున్న కూలీలు నవ్వారు. ఇంజినీరు నవ్వలేదు. రోడ్డుకి రిబ్బను కట్టారు, కత్తిరించారు, పేర్లు చెక్కిన రాయి ఒకటి నిలబెట్టారు. ఆ రాయి పైపుకన్నా వెడల్పుగా ఉంది.

సరిగ్గా మూడు వారాలకి వాన మొదలైంది. పొద్దున పదింటికి సన్నగా పట్టుకుని, చూస్తుండగానే కుండపోత అయింది. పదకొండున్నరకి వీధిలో మోకాలి లోతు నీళ్లు. ఆ వీధిలో అందరికన్నా పల్లాన ఉన్నది పసిపిల్లల బడి. ఒకటే గది. ఆరోజు పంతొమ్మిది మంది పిల్లలు. తలుపు బయటికి తెరుచుకునేది కావడంతో నీటి బరువుకి అది కదల్లేదు. కిటికీలకి ఊచలు. టీచరమ్మ పిల్లల్ని బల్లల మీదికి ఎక్కించి, ఊచల్లోంచి చెయ్యి బయటపెట్టి పిలుస్తోంది.

పెదనాన్న నాకు ఫోను చేశాడు. "అమ్మాయ్, ఆఫీసులోకి వెళ్లి చెప్పు. రోడ్డు కొట్టాలి, మనుషుల్ని పంపమను."

నేను రోడ్డు దాటి వెళ్లాను. ఇంజినీరు సెలవులో ఉన్నాడు. గుమాస్తా గడియారం చూసి, "భోజనాలయ్యాక జీపు పంపిస్తాం" అన్నాడు. "అక్కడ పిల్లలున్నారండీ" అన్నాను. "రాసిచ్చి వెళ్లండి" అన్నాడు. రాసిచ్చాను. కలం అక్కడే పడేసి పరిగెత్తాను.

నేను దిగువ వీధి చేరేసరికి పెదనాన్న రోడ్డు మీద ఉన్నాడు. చేతిలో గడ్డపార. అరవై నాలుగేళ్ల మనిషి, కొత్త తారు మీద దెబ్బ మీద దెబ్బ వేస్తున్నాడు. గొడుగుల కింద పదిహేను మంది నిలబడి చూస్తున్నారు. అందరూ ఆ వీధివాళ్లే.

"కేసవుతుంది పారాయనా" అన్నాడొకాయన.

"కేసు నా మీద పడుతుందిలే. నువ్వు ఆ పార పట్టు" అన్నాడు పెదనాన్న.

ఆయన పట్టలేదు. పార నేను పట్టాను. నాకు చేతకాదు, అయినా పట్టాను. గంట పట్టింది. అంచు తెగగానే వెనకాల ఆగి ఉన్న నీళ్లు ఒక్కసారిగా లేచి, మేము తవ్విన గండిని నాలుగింతలు చేసుకుని అవతలికి దూకాయి. అవతల ఉన్నది పెదనాన్న చేను. మొక్కజొన్న కండెలు గింజ పట్టి, ఇంకో పదిహేను రోజుల్లో కోతకొచ్చే చేను. సగం మా కళ్ల ముందే పడుకుంది, మిగతా సగం బురదలో కూరుకుపోయింది. ఎక్కడ గండి కొడితే నీళ్లు ఎటు పోతాయో ముప్పై ఏడేళ్లుగా ఆయనకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. తెలిసే కొట్టాడు. బడిలో నీళ్లు దిగి తలుపు తెరుచుకున్నప్పుడు, బల్లల అంచుకి నాలుగు వేళ్ల కింద బురద గీత కనిపించింది. ఆ నాలుగు వేళ్లు నేను నా చేత్తో పెట్టి చూసుకున్నాను.

జీపు సాయంత్రం నాలుగింటికి వచ్చింది. గండికి ఫొటోలు తీసుకుని వెళ్లింది.

ఆ తర్వాత వచ్చిందే ఈ నోటీసు. దాని వెనక ఒక కాగితం కుట్టి ఉంది. "రోడ్డును సదరు వ్యక్తి తవ్వుచుండగా మేము కళ్లారా చూసితిమి" అని నలుగురి సంతకాలు. నలుగురూ దిగువ వీధివాళ్లే. మొదటి సంతకం దర్జీది. ఏరు దాటాక తెప్ప తగలేయడం అంటే వినడమే గాని, తెప్ప ఇంకా తడి ఆరకుండానే తగలేయడం అప్పుడే చూశాను.

నేను తిన్నగా దర్జీ కొట్టుకి వెళ్లాను. అతను చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తున్నాడు.

"బాబాయ్, ఈ సంతకం మీదేనా?"

చూశాడు. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాడు. "నాదేనమ్మా."

"ఎలా పెట్టగలిగారు?"

"రోడ్డు పక్కన కొట్లకి జాగాలు ఇస్తున్నారు. ఆఫీసువాళ్లు వచ్చి అడిగారు. చూసింది నిజమే గదా, అబద్ధమేం కాదుగా అన్నారు. ఆయన పెద్దమనిషి, ఆయనకేమవుతుందిలే అనుకున్నాను."

"పెద్దమనిషి కాబట్టి ఇరికించవచ్చన్నమాట."

అతను మళ్లీ ఇస్త్రీపెట్టె అందుకున్నాడు.

ఈ సంగతి పెదనాన్నకి చెబుతూ దర్జీని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన అంతా విని, "ఎవరినన్నా తిట్టుకో. వాణ్ణి మాత్రం ఏమీ అనకు" అన్నాడు. ఎందుకని అడిగితే లేచి పశువుల కొట్టంలోకి వెళ్లిపోయాడు.

విచారణ రోజున నేను వెంట వెళ్లాను. అధికారి గదిలో గోడకి కాలవ పటం ఉంది. దాని మీద కాలవ నీలం గీతలా స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది. నిజానికి దానికి మూడు వంపులున్నాయి. మూడు వంపుల దగ్గరా పూడిక పడుతుంది. ఆ పటం చూసినప్పుడే అనుకున్నాను, వీళ్లు కాలవని ఎప్పుడూ చూడలేదని. గోడ వారగా బల్ల మీద నలుగురు సాక్షులూ కూర్చున్నారు. చివర టీచరమ్మ. ఆవిణ్ణి ఎవరూ పిలవలేదు. బడికి సెలవు పెట్టి తనే వచ్చింది.

అధికారి చెడ్డమనిషి కాదు. అదే నాకు ఇంకా ఒళ్లు మండించింది. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకోవచ్చు. ఆయన పెదనాన్నకి కుర్చీ వేయించి, మర్యాదగా చెప్పాడు.

"చూడండి, మీ వయసు మాకు తెలుసు. దీన్ని పెద్దది చేయడం మాకూ ఇష్టం లేదు. 'తొందరపాటున చేశాను, ఇకపై చేయను' అని రెండు ముక్కలు రాసివ్వండి. ఫైలు మూసేస్తాం."

ఒప్పుకుంటున్నాను, ఆ కాగితం అప్పటికే నా సంచిలో ఉంది. ముందురోజు నేనే కొట్టి పెట్టుకున్నాను. ఇన్నేళ్లు అర్జీలు కొట్టీ కొట్టీ వంగడం వేళ్లకి అలవాటైపోయింది. తీసి పెదనాన్న ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని నెమ్మదిగా చదివాడు. మడిచి నాకే ఇచ్చేశాడు.

"రాయలేనండి" అన్నాడు.

"ఎందుకని?"

"ఇకపై చేయను అని ఉందండి. ఆ పైపు అలాగే ఉంటే, మళ్లీ వానొస్తే మళ్లీ కొడతాను గదా. అబద్ధం రాసినట్టవుతుంది."

అధికారి పెన్ను బల్ల మీద పెట్టాడు. "అసలు మీకెందుకండీ ఈ గొడవ? మీ ఇల్లు మెరక మీదుంది. మీకొచ్చిన ముప్పేం లేదు. ఆ వీధితో మీకేం సంబంధం?"

పెదనాన్న కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత అధికారి వైపు కాకుండా, బల్ల మీదున్న దర్జీ వైపు తిరిగాడు.

"మీ అమ్మ పోయిన ఏడు కోత అయ్యాక చొప్ప కట్టలు కాలవ గట్టు మీద పేర్చాను. నావే. బండి దొరకలేదు, రేపు తీద్దాంలే అనుకున్నాను. వానొచ్చి అవి జారి తూములో అడ్డం పడ్డాయి. నేను చూసి లాగేశాక అరగంటలో వీధి నీళ్లు దిగిపోయాయి. అప్పటికే ఆవిడ పోయింది. ఈ మాట మీ పెద్దమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు. నీకు చెప్పాలని ప్రతి ఏడూ అనుకున్నాను. చెప్పలేకపోయాను."

'మీ పెద్దమ్మ' అన్నది నన్ను చూసి. నేను పెదనాన్న మొహం చూడలేకపోయాను. ముప్పై ఏడేళ్లు మేమంతా దాన్ని సేవ అనుకున్నాం. ఆయన మడిచి ఇచ్చిన కాగితం నా ఒడిలో నలిగిపోయింది.

దర్జీ లేచాడు. పెదనాన్న మీదికి వస్తాడనే అనుకున్నాను. వస్తే ఆపేదాన్ని కూడా కాదేమో. కానీ అతను అధికారి బల్ల దగ్గరికి వెళ్లాడు.

"సార్, మా అమ్మ ఈయన చొప్ప వల్ల పోయింది. విన్నారుగా, తన నోటితో తనే చెప్పాడు. ఈయన్ని నేనేం చేసుకుంటానో అది నా సంగతి. కానీ ఆ చొప్ప అడ్డం పడినా నీళ్లు కొంత పోయాయి. మీ పైపులోంచి అసలు పోలేదు. పంతొమ్మిది మంది పిల్లలు బల్లలెక్కారు. ఆ పైపు వేసినవాళ్లలో ఒక్కరన్నా, నా వల్లే జరిగింది అని చెప్పినవాళ్లు ఈ ఆఫీసులో ఉన్నారా?"

పక్కన నిలబడ్డ గుమాస్తా ఫైలు తాడు విప్పి మళ్లీ కట్టాడు.

"నా సంతకం కొట్టెయ్యండి" అన్నాడు దర్జీ.

"ఒకసారి పెట్టిన సంతకం వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు" అన్నాడు గుమాస్తా.

"అయితే దాని పక్కన ఇంకోటి పెడతాను. పైపు చిన్నదని కూడా కళ్లారా చూసితిమి అని రాయండి."

టీచరమ్మ లేచి, "నాది కూడా" అంది. గుమాస్తా అధికారి వైపు చూశాడు. అధికారి పటం వైపు చూశాడు. చివరికి రాయించాడు. మిగతా ముగ్గురు సాక్షులు నేల చూపులు చూస్తూ కూర్చున్నారు. సంతకం వెనక్కి తీసుకోలేదు, కొత్తది పెట్టనూ లేదు.

బయటికొచ్చాక దర్జీ పెదనాన్నతో ఒక్క మాట మాట్లాడకుండా వెళ్లిపోయాడు. ఐదు నెలలు ఆ వైపు చూడలేదు. నాకు పెదనాన్న మీద కూడా కోపం వచ్చింది, ఇంత మాట ఇన్నేళ్లు ఎలా దాచాడని. పెద్దమ్మని నిలదీశాను. "ఆ ఏడు మూడు నెలలు అన్నం సయించలేదు ఆయనకి. నేనే పార చేతికిచ్చి, పొండి, వెళ్లి తవ్వండి అన్నాను" అంది. అంటే మొదట పంపింది ఆవిడన్నమాట. ఎవరూ పంపకుండా వెళ్లాడని పైన రాశాను. ఆ మాట తప్పు. దిద్దకుండా అలాగే ఉంచుతున్నాను, నాకప్పటికి తెలిసింది అంతే కాబట్టి.

ఐదు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం దర్జీ చేలోకి వచ్చాడు. మేము కొత్త విత్తనం వేస్తున్నాం. గట్టు మీద కూర్చుని చాలాసేపు చూశాడు.

"అమ్మ అప్పటికి ఏమన్నా అందా? నువ్వు వెళ్లేసరికి?"

"లేదురా. నేను వెళ్లేసరికే లేదు."

"నిజంగానేనా, నా కోసం చెబుతున్నావా?"

"ఇంక నీ దగ్గర దాచేదేం లేదు."

దర్జీ తల ఊపాడు. కాసేపుండి వెళ్లాడు. ఇప్పుడు ఎదురుపడితే పలకరించుకుంటారు. అంతకు మించి లేదు. మునుపటిలా నవ్వుతూ మాట్లాడుకోవడం నేను చూడలేదు. చూస్తానని కూడా అనుకోను.

మరుసటి వేసవిలో ఆఫీసు వాళ్లు పైపు పీకేసి పెద్ద తూము కట్టారు. పాతదానికన్నా పెద్దది. దాని మీద "ప్రజల సౌకర్యార్థం, అధికారుల ముందుచూపుతో" అని రాయి పెట్టారు. ఆ 'ముందుచూపు' అన్న మాట చదివినప్పుడల్లా నాకు రాయి తీసి కాలవలో పడేయాలనిపిస్తుంది. పెదనాన్న ఆపుతాడు. "పడేస్తే మళ్లీ నేనే తియ్యాలి" అంటాడు. కొట్టుకుపోయిన మొక్కజొన్న ఊసు ఏ కాగితంలోనూ లేదు. పైపు వేసినవాళ్లని ఎవరూ ఏమీ అడగలేదు. ఇంజినీరు పదోన్నతి మీద వేరే చోటికి వెళ్లాడు.

కేసు మాత్రం ఉంది. కొట్టెయ్యలేదు, తేల్చలేదు. పైపు తప్పని ఒప్పుకుని కొత్త తూము కట్టిన ఆఫీసే, ఆ తప్పు చూపించిన మనిషిని మూడు నెలలకొకసారి పిలిపిస్తుంది. ఆయన శుభ్రమైన చొక్కా వేసుకుని వస్తాడు. వరండాలో బల్ల మీద కూర్చుంటాడు. గుమాస్తా బయటికొచ్చి "ఇవాళ సార్ లేరు" అంటాడు. పెదనాన్న సంతకం చేసి, మా షాపులో మంచినీళ్లు తాగి వెళ్లిపోతాడు. ఆయనకిప్పుడు అరవై ఏడు. మోకాలు సరిగ్గా ముడవదు.

వచ్చే వాయిదా వానాకాలంలో పడింది. తేదీ రాసిస్తే చూసి, నన్ను గుమాస్తాతో ఒక మాట చెప్పి ఉంచమన్నాడు. ఆరోజు వాన పడితే రాడట, పని ఉంటుందట.